తైపేలో చిన్న షాపులో గ్వా బావ్ తిన్నాను, ఆవిరి బన్నుల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు (తైపే):
అందరికీ నమస్కారం. చదువు కోసం తైపే వచ్చి ఎనిమిది నెలలైంది. మా యూనివర్సిటీ పక్కనే గోంగ్‌గ్వాన్ అని ఒక పేట ఉంది, సాయంత్రమైతే సందు సందుకీ తినే బళ్లూ చిన్న చిన్న షాపులే. అందులో ఒకటి గ్వా బావ్ షాపు. రోజూ దాని ముందు నుంచే నడుస్తాను, కానీ మొన్న ఆదివారం దాకా లోపలికి వెళ్లలేదు. భాష రాదు, మెనూ అంతా చైనీస్ అక్షరాలే, వెనక లైన్లో పదిమంది ఉంటారు, మన వల్ల అందరికీ ఆలస్యం అవుతుందేమోనని టెన్షన్. మొన్న వాన పడుతోంది, లైన్ లేదు, ఆకలేస్తోంది, వెళ్లిపోయాను.

షాపు అంటే రోడ్డుకే తెరుచుకున్న గది. ముందు స్టీలు ఆవిరి పెట్టె, దాని పక్కన పెద్ద గిన్నెలో మాంసం ఉడుకుతూ ఉంది, వెనక ఐదారు బల్లలు, అంతే. ఒక పెద్దావిడ మూత తీసింది, ఆవిరి అంతా ఆవిడ మొహం మీదికి వచ్చింది, అందులోంచి తెల్లటి బన్ను ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని తెరిచింది. సగానికి మడిచిన మందపాటి దిబ్బరొట్టె ముక్కలా ఉంటుంది, కానీ పాలంత తెలుపు, వేలితో నొక్కితే మెల్లగా పైకి లేస్తుంది. దానిలో సోయా సాస్‌లో గంటలకొద్దీ ఉడికించిన పంది మాంసం, దాని మీద ఊరవేసిన ఆవాకు తరుగు, పైన చక్కెర కలిపిన పల్లీ పొడి బాగా చల్లి, కొత్తిమీర పెట్టి ఇచ్చింది. పల్లీ పొడి చూడగానే నాకు ఇంటి దగ్గర ఉన్నట్టు అనిపించింది, నిజంగా.

మొదటి ముద్దలోనే తీపి, ఉప్పు, పులుపు, కొవ్వు అన్నీ కలిసి వస్తాయి. కానీ నాకు ఎక్కువగా నచ్చింది లోపల పెట్టింది కాదు, ఆ బన్నే. వేడివేడి ఇడ్లీ తుంచినప్పుడు వచ్చే ఆవిరి ఉంటుంది చూడండి, అదే. రొట్టెని ఓవెన్‌లో కాల్చకుండా ఆవిరి మీద ఉడికించడం మనకి కొత్త కాదు కదా, అందుకేనేమో నోటికి వెంటనే అలవాటైపోయింది. ఇంకొకటి తిన్నాను. ఇలాంటివి ఇంకా ఎక్కడెక్కడ దొరుకుతాయి, ఎలా అడగాలి, మా అమ్మ మేలో వస్తోంది, ఆవిడ పూర్తి శాకాహారి, ఆవిడకేమైనా ఉందా, తెలిసినవాళ్లు రాయండి.

సించూవాసి:
స్వాగతం తమ్ముడూ. నేను తైవాన్‌లోనే సించూ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఆరేళ్లుగా పని చేస్తున్నాను, ఇక్కడ మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ముందు నీకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్తాను, షాపులో ఇవి చాలు. ఒకటి కావాలంటే "ఈ గ". అక్కడే కూర్చుని తింటానంటే "నెయ్ యోంగ్", కట్టించుకుని పోతానంటే "వాయ్ దాయ్". మాంసం సగం కొవ్వు సగం కండ కావాలంటే "బాన్ ఫెయ్ బాన్ షౌ". గ్వా బావ్ షాపుల్లో ఇది తప్పకుండా చెప్పాలి, చెప్పకపోతే ఆవిడే అడుగుతుంది, నువ్వు తెల్లమొహం వేస్తావు. మొదటిసారి మొత్తం కండ అడిగితే పొడిపొడిగా ఉంటుంది, సగం సగమే సరైంది, నా మాట విను.

డబ్బులు నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకో, చిన్న షాపుల్లో చాలాచోట్ల కార్డు తీసుకోరు. ఒక గ్వా బావ్ 60 నుంచి 80 తైవాన్ డాలర్లు. టిప్ ఇవ్వక్కర్లేదు, ఇక్కడ ఆ అలవాటు లేదు. బల్ల మీద నలుగురు ముక్కూమొహం తెలియనివాళ్లు కలిసి కూర్చుంటారు, మొహమాటపడకు. తిన్నాక ప్లేటు ఎక్కడ పెట్టాలో పక్కవాళ్లని చూసి అలాగే చెయ్యి.

ఇంకొకటి, కట్టించుకుని మెట్రో ఎక్కి తినొద్దు. తైపే మెట్రోలో తినడం తాగడం నిషేధం, మంచినీళ్లు కూడా తాగకూడదు. గేటు ముందున్న పసుపు గీత దాటావంటే రూల్ మొదలైనట్టే. జరిమానా 1,500 నుంచి 7,500 డాలర్ల దాకా. వేడిగా ఉంది కదా అని ఆశపడి ఒక ముద్ద కొరికితే ఇరవై ముప్పై బన్నుల డబ్బు పోతుంది, ఇంకా ఎక్కువే పోవచ్చు.

ఉల్లిలేనిఇల్లు (సించూ):
శాకాహారం గురించి నేను చెప్తానండి, ఎందుకంటే నేను తెలియక దెబ్బతిన్నాను. వచ్చిన మొదటి నెలలో ఒక షాపులో క్యాబేజీ బావ్‌జీ, అంటే లోపల కూర పెట్టి మూసేసిన ఆవిరి బన్ను, కనపడింది. లోపల క్యాబేజీ, క్యారెట్, కాస్త మిరియాల ఘాటు. బాగుందని వారం రోజులు అదే తిన్నాను. తర్వాత నా ల్యాబ్‌లో అమ్మాయి చూసి, అందులో ఎండు రొయ్యలు ఉంటాయి కదా, నువ్వు తింటావా అని అడిగింది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. షాపువాళ్ల తప్పు అనను, వాళ్లు కూరగాయల బన్ను అన్నారు, శాకాహారం అనలేదు. ఇక్కడ ఆ రెండూ వేరు, ఈ తేడా మనవాళ్లకి ఎవరూ ముందు చెప్పరు.

క్యాబేజీ బన్నులో వాసన కోసం ఎండు రొయ్యలు వేస్తారు, కొన్నిచోట్ల కాస్త మాంసం కూడా వేస్తారు. అదీ లేకపోయినా, బన్ను మెత్తగా తెల్లగా రావడానికి పిండిలోనే పంది కొవ్వు కలిపే షాపులున్నాయి. కాబట్టి అడగాల్సిన మాట "సూ". "వో చ సూ" అంటే నేను శాకాహారిని అని. ఆ మాట అంటే వాళ్లకి పూర్తిగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇక్కడ బౌద్ధ పద్ధతిలో శాకాహారం తినేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో గట్టిగా పాటించేవాళ్లు వెల్లుల్లి, ఉల్లి కూడా ముట్టరు. ప్యాకెట్ల మీద ఉల్లి వెల్లుల్లి ఉన్నదీ లేనిదీ, పాలు ఉన్నదీ, గుడ్డు ఉన్నదీ వేరువేరుగా రాస్తారు. మా ఇంట్లో కార్తీక మాసంలో వండే వంటకి ఇంత దగ్గరగా ఉండే వంట పరాయి దేశంలో దొరుకుతుందని నేను అనుకోలేదు.

గుర్తు పట్టడం సులువు. ఇక్కడి శాకాహార హోటళ్ల బోర్డు మీద చాలాసార్లు స్వస్తిక గుర్తు ఉంటుంది. మన గడప మీద పెట్టే స్వస్తికకి ఇది అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది, అంతే తేడా. అమ్మగారికి ఆ బోర్డు చూపిస్తే చాలు, నిశ్చింతగా కూర్చుంటారు. అలాంటి చోట పుట్టగొడుగులతోనో, గోధుమ పిండిలోంచి తీసిన జిగురు ముద్దతోనో, టోఫుతోనో గ్వా బావ్ చేసి పెడతారు. ఆవాకు, పల్లీ పొడి, కొత్తిమీర అన్నీ మామూలే.

గోదారిగట్టు (తైపే):
అక్కా, చాలా చాలా థాంక్స్. ఎండు రొయ్యల సంగతి చెప్పి నన్ను కాపాడారు, నేను అమ్మని నేరుగా క్యాబేజీ బన్ను దగ్గరికే తీసుకెళ్లేవాణ్ని. స్వస్తిక ఉన్న బోర్డు మా హాస్టల్ వెనక సందులోనే ఒకటి ఉంది, గుడి అనుకుని దాటిపోతున్నాను ఇన్నాళ్లూ.

పాలమూరు_పిల్లగాడు (హైదరాబాద్):
అన్నా నాకొక డౌట్. బావ్, బావ్‌జీ, గ్వా బావ్, మాన్‌తౌ అని నాలుగు పేర్లు వింటున్నా. అన్నీ ఒకటేనా? ఇక్కడ హైదరాబాద్‌లో బావ్ అని ఒక కేఫ్‌లో పెట్టిండ్రు, రెండు చిన్న ముక్కలకి 400 రూపాయలు తీసుకున్నరు, లోపల మయోనైజ్ వేసిన చికెన్. మంచిగనే ఉంది కానీ ఇదేనా అసలుది?

సించూవాసి:
ఒకటే పిండి తమ్ముడూ, రూపాలు వేరు. లోపల ఏమీ పెట్టకుండా ఉట్టి పిండి ముద్దని ఆవిరి మీద ఉడికిస్తే మాన్‌తౌ. కూరో మాంసమో పెట్టి మూటలా మూతి కట్టేసి ఉడికిస్తే బావ్‌జీ. నాలుకలా సాగదీసి నూనె రాసి మడిచి ఉడికించి, ఉడికిన తర్వాత తెరిచి లోపల పెడితే గ్వా బావ్. షాంఘై వైపు మాత్రం లోపల మాంసం ఉన్నదాన్ని కూడా మాన్‌తౌ అనేస్తారు, అక్కడ వెతికేటప్పుడు జాగ్రత్త.

నువ్వు తిన్నది ఆ మడత బన్నే. అమెరికాలో ఈ మడత బన్నుకి పేరొచ్చింది 2004లో న్యూయార్క్‌లో తెరిచిన మొమొఫుకు అనే నూడుల్స్ షాపుతో. తర్వాత లండన్‌లో బావ్ అనే పేరుతోనే షాపు పెట్టారు, 2015లో సోహోలో. అక్కడి నుంచి ప్రపంచమంతా కేఫ్‌లలోకి వచ్చింది. మయోనైజ్ చికెన్ తప్పని నేననను, పావ్ భాజీలో పావ్ పోర్చుగీసువాళ్లది కాదా. కానీ 400 పెట్టినవాడివి ఒక్కసారి ఆవాకు, పల్లీ పొడితో తిను, అప్పుడు తెలుస్తుంది అది ఎందుకు అలా కుదిరిందో. కొవ్వు మాంసం మొహం మొత్తుతుంది, పులిసిన ఆకు దాన్ని విరుస్తుంది, ఊరుతున్న రసాన్ని పల్లీ పొడి పీల్చుకుంటుంది. ఒక్కటి తీసేసినా కూలిపోతుంది.

ఇంకో సంగతి. తైవానీ భాషలో దీన్ని "హో కా తీ" అని కూడా అంటారు, పులి పందిని కరిచింది అని అర్థం. బన్ను పులి నోరు, మాంసం పంది. చంద్రమాసం ప్రకారం ఏడాది చివరి నెల 16వ తేదీన వెయ్‌యా అని చేస్తారు, భూమిని కాచే దేవుడికి పెట్టి, యజమానులు పనివాళ్లందరికీ విందు పెడతారు. ఆ రోజు గ్వా బావ్ తినడం ఆనవాయితీ, డబ్బు నిండిన పర్సులా ఉంటుందని. మా కంపెనీలో ఇప్పుడు ఆ విందు పెద్ద హోటల్లో లాటరీలు, పాటలతో చేస్తున్నారు. మా టీం పెద్దాయన మాత్రం ఆ రోజు పొద్దున్నే షాపు నుంచి అందరికీ తలా ఒకటి తెచ్చి బల్ల మీద పెడతాడు. నాకు విందు కంటే అదే గుర్తుంటుంది.

సముద్రతీరం (సింగపూర్):
మా దగ్గర దీన్నే పావ్ అంటారండి. కాఫీ షాపు ముందు గాజు పెట్టెలో ఆవిరి పట్టి ఉంటాయి, పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ ఒకటి, ఒక కోపీ (ఇక్కడ కాఫీని అలాగే అంటారు). చార్ సియూ అని ఎర్రటి తీపి పంది మాంసంది, చికెన్‌ది, ఎర్ర చిక్కుడు గింజల పేస్టుది ఉంటాయి. మా పిల్లలకి కాయా పావ్ ప్రాణం, కొబ్బరి పాలు, గుడ్డు, పంచదార కలిపి చేసిన జామ్ పెడతారు అందులో. హలాల్ గుర్తున్న షాపుల్లో పంది ఉండదు, అందుకని మా ముస్లిం స్నేహితులతో వెళ్లేటప్పుడు అక్కడికే వెళ్తాం.

మీరంతా బన్ను మెత్తదనం అంటున్నారు, కాదనను, కానీ ఒక మాట చెప్పాలి. చల్లారిన పావ్ అంత నీరసమైన తిండి ఇంకోటి లేదు. పైన తోలులా అయిపోతుంది, పంటికి అంటుకుంటుంది. ఇంటికి తీసుకెళ్దామని కట్టించుకోకండి, అక్కడే నిలబడి తినేయండి.

మిరపతోట (ఒసాకా):
నాకు మాత్రం వీటి తీపి పడదు. నిజం చెప్తున్నా, రెండేళ్లు ప్రయత్నించాను. గుంటూరు నాలుకకి పిండిలోనూ పంచదార, మాంసంలోనూ పంచదార అంటే కష్టం. అయితే ఒసాకాలో ఒకటి నచ్చింది. ఇక్కడ దీన్ని బుతామాన్ అంటారు, తోక్యోవైపు నికుమాన్ అంటారు. ఎందుకంటే ఈ ప్రాంతంలో నికు అంటే మాంసం అని కాక గొడ్డు మాంసం అనే అర్థం, అందుకే పంది అని విడిగా చెప్తారు. 551 హొరాయ్ అని 1945 నుంచి ఉన్న షాపు ఉంది, లైన్లో నిలబడితే అద్దం వెనక పిండి చుట్టేవాళ్లు కనపడతారు, చేతులు ఆగవు. లోపల ఉల్లిపాయ బాగా వేస్తారు, చిన్న ఆవాల ముద్ద ప్యాకెట్టు ఇస్తారు. ఆ ఆవముద్ద రాసుకుని తింటే తీపి అణిగి ముక్కులోకి ఘాటెక్కుతుంది, అప్పుడు నాకు అన్నం తిన్నట్టు ఉంటుంది. చలికాలంలో కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్ మీద కూడా ఆవిరి పెట్టెలో పెడతారు, అవి ఆకలి తీరడానికి సరిపోతాయి.

హౌరావంతెన (కోల్‌కతా):
పాలమూరు తమ్ముడూ, నీకు వీసా, విమానం అక్కర్లేదు, మా ఊరు రా. కోల్‌కతాలో లాల్ బజార్ దగ్గర పొద్దార్ కోర్ట్ వెనక టెరిట్టీ బజార్ ఉంది, పాత చైనా పేట. తెల్లవారుజామున రోడ్డు మీదే చైనీస్ టిఫిన్లు పెడతారు, బావ్ బన్నులు, చేపల ఉండల సూప్, సాసేజ్‌లు. ఆదివారం అయితే ఎక్కువ. ఆరింటికల్లా అక్కడ ఉండు, ఎనిమిదికి వస్తే గిన్నెలు కడుగుతూ కనపడతారు. 

నేను రైల్వేలో పనిచేసేవాణ్ని, ముప్పై ఏళ్లుగా వెళ్తున్నాను. ఒకప్పుడు అమ్మేవాళ్లలో చైనా మూలాలున్న కుటుంబాలే ఎక్కువ. 1962 యుద్ధం తర్వాత వాళ్లని అనుమానించారు, వేల మందిని రాజస్థాన్‌లో దేవలీ శిబిరానికి పట్టుకెళ్లి ఉంచారు, ఆ తర్వాత కెనడా అనీ ఇంకెక్కడికనీ వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు తక్కువ. ఇప్పుడు అక్కడ మోమోలు అమ్మేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఒక ముసలాయన దగ్గర నేను ఎప్పుడూ బన్ను కొనేవాణ్ని, కరోనా తర్వాత ఆయన బల్ల కనపడలేదు, అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. వెళ్లాలనుకుంటే వాయిదా వేయొద్దు.

పాలమూరు_పిల్లగాడు (హైదరాబాద్):
పెద్దాయనా, మీరు రాసింది రెండుసార్లు చదివిన. దేవలీ సంగతి నాకు అసలు తెల్వదు. డిసెంబర్‌లో వస్తా, తప్పకుండా.

బెజవాడ_వంటిల్లు:
నేను ఎక్కడికీ వెళ్లలేనండి, అత్తగారికి బాగోదు, అందుకని మీరు రాసింది చదివి ఇంట్లోనే చేశాను. రెండు కప్పుల మైదా, ఒక చెంచా ఈస్టు, రెండు పెద్ద చెంచాల పంచదార, ఒక చెంచా నూనె, గోరువెచ్చని పాలు. పిండి చక్కగా పొంగింది, మా ఊరి ఎండకి గంట కూడా పట్టలేదు. కోలగా ఒత్తి నూనె రాసి మడిచి, ఇంకో అరగంట ఉంచి, ఇడ్లీ కుక్కర్‌లో చిల్లుల పళ్లెం మీద పెట్టాను. పన్నెండు నిమిషాలు. మూత తియ్యగానే ఎంత బాగున్నాయో, తెల్లగా, ఉబ్బి. మా అబ్బాయిని పిలిచి చూపించేలోపు కళ్లముందే ముడతలు పడి కుంగిపోయాయి. పైన నీటి చుక్కలు పడినచోట మచ్చలు కూడా. రుచి బాగానే ఉంది కానీ ముసలి మొహంలా అయిపోయాయి. ఎందుకు?

గోదారిగట్టు (తైపే): 
అండీ, నాకు వంట రాదు, కానీ మా షాపు పెద్దావిడని అడిగి చెప్తాను. రేపు నా ల్యాబ్‌మేట్‌ని తీసుకెళ్తాను, వాడు తైవానీ మాట్లాడతాడు.

ఉల్లిలేనిఇల్లు (సించూ):
నీటి చుక్కల సంగతి నేను చెప్పగలను. స్టీలు మూత మీద ఆవిరి నీరై బన్ను మీద పడుతుంది. వెదురు బుట్ట ఆ నీటిని పీల్చుకుంటుంది, అందుకే వీళ్లు అవి వాడతారు. మనకి వెదురు బుట్ట ఎందుకు, మూతకి గుడ్డ చుట్టి ముడి పైన వేయండి. లేదంటే మా అమ్మమ్మ వాసెన కుడుములకి చేసినట్టు గిన్నె మూతికి గుడ్డ కట్టి దాని మీద పెట్టండి, కింద నుంచి వచ్చే తడి కూడా గుడ్డకే పోతుంది.

గోదారిగట్టు (తైపే):
అడిగి వచ్చాను. వాన లేదు కాబట్టి లైన్ పెద్దగా ఉంది, అయినా ఆవిడ విసుక్కోలేదు, మీరు చెప్పింది విని నవ్వి, ఒక చాప్‌స్టిక్ తీసి ఆవిరి పెట్టె అంచు మీద పెట్టి దాని మీద మూత వాల్చి చూపించింది. ల్యాబ్‌మేట్ తర్జుమా చేసింది ఇది: మంట ఆపిన వెంటనే మూత తియ్యకూడదు, లోపలి గాలి వేడిగా ఉబ్బి ఉంటుంది, చల్లగాలి ఒక్కసారి తగిలితే ముడుచుకుపోతుంది. మూత కింద చాప్‌స్టిక్ అడ్డం పెట్టి సన్నని సందు వదిలి నాలుగైదు నిమిషాలు ఆగాలి. పిండి రెండోసారి మరీ ఎక్కువ పొంగినా కుంగుతుందట, బెజవాడ ఎండలో అరగంట ఎక్కువేమో, పావుగంటకి ఒకసారి చూసుకోమంది. మంట కూడా మరీ పెద్దది వద్దంది.

ఇండియాలో ఒకావిడ చేస్తున్నారని చెప్పాడు మావాడు. లోపల ఏం పెట్టారని షాపు పెద్దావిడ అడిగింది. నేను చెప్పలేకపోయాను.

బెజవాడ_వంటిల్లు:
నా కోసం లైన్లో నిలబడి అడిగారు, ఎంత మంచివారండీ. ఈ రోజు మళ్లీ చేశాను. మూతకి గుడ్డ కట్టాను, రెండోసారి ఇరవై నిమిషాలే పొంగనిచ్చాను, మంట ఆపాక గరిటె కాడ అడ్డం పెట్టి ఐదు నిమిషాలు ముట్టుకోలేదు. పది చేస్తే ఎనిమిది నున్నగా వచ్చాయి. రెండు కాస్త సొట్ట పడ్డాయి, అవి అంచున ఉన్నవి.

లోపల ఏం పెట్టానంటే, పనసకాయ. లేత పనసకాయ ముక్కలు సోయా సాస్, బెల్లం, అనాసపువ్వు, అల్లం వేసి మెత్తగా ఉడికించాను. ఊరవేసిన ఆవాకు నాకు దొరకలేదు, అందుకని పనసపొట్టులో పెట్టినట్టు ఆవపిండి కాస్త నూరి నిమ్మరసంతో క్యాబేజీ తరుగులో కలిపి ఒక పూట ఉంచాను. పైన వేయించిన పల్లీల పొడి, పంచదార, బోలెడు కొత్తిమీర. మా అత్తగారు పళ్లు లేక చాలా రోజులుగా జావే తాగుతున్నారు. ఈ రోజు ఒకటిన్నర తిన్నారు, బన్ను చాలా మెత్తగా ఉందమ్మా అన్నారు.

మిరపతోట (ఒసాకా):
పనసకాయ, ఆవ! ఇది నేను తింటాను అండీ, ఇందులో ఒక ఎండుమిరపకాయ కూడా వేయండి. కొలతలు విడిగా రాసి పెట్టండి దయచేసి.

సించూవాసి:
తమ్ముడూ, ఈసారి వెళ్లినప్పుడు గ్వా బావ్‌తో పాటు సూప్ కూడా అడుగు, "స షెన్ తాంగ్" అంటారు, దాంట్లో తామర గింజల్లాంటివి వేస్తారు. అసలు పద్ధతిలో వేసే నాలుగు దినుసుల్లో ఒకటి మన మఖానా మొక్క గింజే. అయితే అందులో పంది పేగులు కూడా ఉంటాయి, తినేవాళ్లే అడగండి. అమ్మగారికి మాత్రం వద్దు.

గోదారిగట్టు (తైపే):
సరే అన్నా. బెజవాడ అండీ, పొద్దున్న షాపు దగ్గరికి వెళ్లి పనసకాయ ఫొటో ఫోన్‌లో చూపించాను. ఆవిడకి పనసపండు తెలుసు, కాయని కూర వండుతారని తెలియదట. ఆశ్చర్యపోయి పక్కన మాంసం తరుగుతున్న వాళ్లాయన్ని పిలిచి చూపించింది. మే నెలలో అమ్మ వచ్చేటప్పుడు మీరు రాసిన కూర డబ్బాలో చేయించి తెమ్మంటాను, విమానంలో పాడవకుండా ఎలా కట్టాలో చెప్పండి. ఉట్టి బన్నులు అమ్ముతారా అని అడిగాను, అమ్ముతారట, కానీ పిండిలో పంది కొవ్వు ఉందని ఆవిడే ముందుగా చెప్పింది. కాబట్టి బన్నులు హాస్టల్ వెనక స్వస్తిక షాపులో తీసుకుంటాను. వాళ్లు ఉట్టివి అమ్ముతారో లేదో రేపు కనుక్కుని ఇక్కడే రాస్తాను.